డెల్టాలో స్థిరపడదామంటే ఏ ఊరు? రావులపాలెం, అంబాజీపేట, రాజోలు, పాలకొల్లు, ద్రాక్షారామం పోల్చి చూస్తే

2022 జులైలో గోదారి మా లంకలోకి, అంటే ఏటి మధ్య ఉన్న మా ఊళ్లోకి వచ్చినప్పుడు అమ్మానాన్నల్ని పడవలో ఏటిగట్టు మీదికి చేర్చారు. నాన్నకి అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్లు. గట్టు మీద టార్పాలిన్ పట్టా కింద రెండు రాత్రులు గడిపి, మూడో రోజు మా మేనత్త వాళ్లింటికి వెళ్లారు. హైదరాబాద్ వచ్చెయ్యమని ఫోన్లో బతిమాలాను. నాన్న ఒక్కటే అన్నారు: "అక్కడ నాకేం తోస్తుందిరా? ఇక్కడే మెరకన ఎక్కడన్నా చూడు." అమ్మ ఫోను తీసుకుని, "పొద్దున్నే గుమ్మంలోకి వస్తే పలకరించే మనిషుండాలి, అంతే" అంది.

అలా మొదలైంది మా వెతుకులాట. దాదాపు ఏడాదిన్నర, వీలు దొరికినప్పుడల్లా సెలవు పెట్టుకుని డెల్టా ఊళ్లు తిరిగాను. రిటైరయ్యాక సొంత ప్రాంతానికి వచ్చేద్దామనుకునేవాళ్లు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లు, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునేవాళ్లు, నాలాగా అమ్మానాన్నల కోసం వెతికేవాళ్లు చాలామంది ఇదే ప్రశ్న దగ్గర ఆగిపోతున్నారు. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి పట్నాలు వద్దు. అలాగని మరీ లోపలి పల్లె కూడా వద్దు. మధ్యలో ఉండే చిన్న ఊరు కావాలి. అలాంటివి ఐదు తీసుకుని, నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ముందు ఎక్కడెక్కడున్నాయో చెప్తాను. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. గౌతమికి తూర్పున ద్రాక్షారామం, వశిష్ఠకు పడమర పాలకొల్లు. మధ్యలో ఉన్నది కోనసీమ. దాని తలకట్టు రావులపాలెం, నడుమ అంబాజీపేట, వైనతేయ దాటాక రాజోలు. నది ఏ పక్కన ఉందో చూసుకుంటే ఊరి సగం సంగతి తెలిసిపోతుంది.

ముందు ఏమేం చూడాలి

*వరద నీళ్లు.* స్థలం చూపించేవాళ్లు "ఇక్కడికి వరద రాదండీ" అంటారు. ఆ మాట వదిలేసి, ఆ ఊళ్లో అరవై దాటిన మనిషిని పట్టుకుని "ఎనభై ఆరు వరదకి నీళ్లు ఎందాకా వచ్చాయండీ?" అని అడగండి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2006లో 28 లక్షలు, 2022లో 25 లక్షలు దాటింది. అందుకే ఈ ప్రాంతంలో కొలబద్ద ఎనభై ఆరే. ఒక ఊళ్లో టీ కొట్టు పెద్దాయన ఈ ప్రశ్నకి మాటతో జవాబు చెప్పలేదు. లేచి వచ్చి అరుగు మీది స్తంభానికి తన గుండెల ఎత్తున అరచెయ్యి ఆనించి చూపించాడు. ఆ స్తంభానికి పది గజాల అవతలే నాకు చూపించిన స్థలం. అక్కడితో ఆ స్థలం వదిలేశాను.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. గట్టుకి లోపల, అంటే నది వైపు ఉన్న ఇంటికి మొదటి హెచ్చరికతోనే టెన్షన్ మొదలవుతుంది. గట్టుకి అవతల ఉన్న ఇంటికి గట్టు నిలిచినంత వరకు భయం లేదు. అయితే 2006లో కోనసీమలో గట్టు తెగింది. కాబట్టి గట్టు చాటున ఉన్నామన్నది ఒక్కటే చాలదు. గట్టుకి ఎంత దూరం, రోడ్డు కన్నా ఇల్లు ఎంత ఎత్తు అన్నవి కూడా చూసుకోవాలి.

*తాగే నీళ్లు.* నది పక్కనే ఉన్నాం, నీళ్లకేం లోటు అనుకుంటాం. సముద్రం వైపు వెళ్లేకొద్దీ బోరు నీళ్లు ఉప్పగా మారతాయి. అక్కడ తాగునీటికి కాలువే ఆధారం. కాలువ నీళ్లు చెరువులో నింపి, శుద్ధి చేసి కుళాయిలకు వదులుతారు. ఎండాకాలంలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తే, మళ్లీ జూన్‌లో వదిలేదాకా ఆ చెరువే దిక్కు. అందుకే ఊరు ఎలాంటిదో తెలియాలంటే మే నెల మూడో వారంలో వెళ్లాలి.

*రాత్రి పూట వైద్యం.* పగలు ప్రతి ఊళ్లోనూ డాక్టర్లుంటారు. రాత్రి పదకొండుకి ఎవరుంటారన్నదే ప్రశ్న. నేను తిరిగిన ఊళ్లలో ఒకచోట బోర్డు మీద 24 గంటలు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రాత్రి వెళ్తే తలుపు తీసిన కుర్రాడు "డాక్టరుగారు పొద్దున్నొస్తారండి" అన్నాడు. పెద్దవాళ్ల కోసం చూస్తుంటే తప్పకుండా ఒకసారి రాత్రి వెళ్లి చూడండి. మంచి ఆసుపత్రి ఉన్న పట్నానికి అర్ధరాత్రి కారులో ఎంతసేపు పడుతుందో కూడా స్వయంగా చూసుకోండి.

*నేల.* కొబ్బరితోట తీసేసిన స్థలం వేరు, వరిచేను మెరక చేసిన స్థలం వేరు. నల్లరేగడి ఎండకి నెర్రెలు వారుతుంది, వానకి ఉబ్బుతుంది. దాని మీద పునాది తేలిగ్గా వేస్తే గోడలు బీటలిస్తాయి. చేనులో మట్టి పోసి చదును చేసిన లేఅవుట్ అయితే కనీసం రెండు వానాకాలాలు ఆ మట్టి దిగనివ్వాలని మాకు తెలిసిన మేస్త్రీ చెప్పాడు. ఆయన మాట విని ఆగినవాళ్లెవరూ నష్టపోలేదు.

*జనం.* దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇది ఎవరూ చూడరు, తర్వాత అందరూ బాధపడేది దీనికే.

ఊరి జనాభా అంటే ఏం చూడాలి

2001 నుంచి 2011 వరకు పదేళ్లలో దేశ జనాభా 17 శాతం పైన పెరిగింది. అదే పదేళ్లలో అప్పటి తూర్పుగోదావరి జిల్లా 5 శాతం చిల్లర పెరిగింది. పశ్చిమగోదావరి అయితే 4 శాతం కూడా లేదు. పంటలు లేకనా? కాదు. పిల్లలు తక్కువ మంది పుట్టారు, పుట్టిన పిల్లలు చదువుకుని వెళ్లిపోయారు. ఆ లెక్కల్లో రెండు జిల్లాల్లోనూ మగవాళ్ల కన్నా ఆడవాళ్లే కాస్త ఎక్కువ. తర్వాతి జనగణన 2021లో జరగలేదు. ఇప్పుడు 2027కి పెట్టారు. కాబట్టి ఏ ఊరికైనా చేతిలో ఉన్న అంకె పదిహేనేళ్ల నాటిది. దాన్ని పట్టుకుని ఊరు ఎంచుకోలేం.

ఇంకో చిక్కు కూడా ఉంది. జనగణనవాళ్ల దృష్టిలో ఒక ఊరు పట్టణం కావాలంటే, మున్సిపాలిటీ కాకపోయినా, కనీసం 5 వేల జనాభా ఉండాలి, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి, పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. డెల్టాలో మొదటి రెండూ చాలా పల్లెలకు కూడా ఉంటాయి. మూడోదే తేడా. ఇక్కడ చూడ్డానికి పట్నంలా ఉన్న ఊళ్లు కూడా చాలావరకు పంచాయతీలుగానే నడుస్తుంటాయి. పంచాయతీ అయితే ఇంటిపన్ను తక్కువ. దానికి తగ్గట్టే డ్రెయినేజీ, చెత్త, వీధిదీపాల పని పంచాయతీకి ఎంత ఆదాయం ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మరి జనాన్ని ఎలా లెక్కేసుకోవాలి? నేను చేసింది చెప్తాను. సంక్రాంతి కాని రోజు, ఏదో ఒక మంగళవారం, సాయంత్రం ఏడింటికి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. రాజోలు ప్రాంతంలో ఒక ఊళ్లో అలా నడిచిన వీధిలో ఇరవై రెండు ఇళ్లున్నాయి. అన్నీ డాబాలే, సగం కొత్తవి, గేట్లకి స్టీలు కడ్డీలు. లోపల లైటు వెలుగుతున్నవి తొమ్మిది. మిగతా వాటి గేట్లకి తాళాలు, తాళాల మీద వాన పడకుండా కట్టిన ప్లాస్టిక్ కవర్లు. ఆ తొమ్మిదింట్లో ఆరిళ్లలో ఉన్నది డెబ్బై దాటినవాళ్లే. ఒకావిడ మెట్ల మీద కూర్చుని వీడియో కాల్‌లో మనవరాలికి పెరట్లో మొగ్గ తొడిగిన మందారం చూపిస్తోంది. చీకట్లో అది కనపడదు. ఆవిడే టార్చి వేసి మరీ చూపిస్తోంది.

ఆ వీధి అందంగా ఉంది, శుభ్రంగా ఉంది. కానీ మా అమ్మానాన్నల్ని అక్కడ దింపితే వాళ్లకి సాయం కావాల్సిన రాత్రి పక్కింట్లో సాయం చేయగలిగినవాళ్లెవరూ ఉండరు. ఊరి జనాభా ఎంతని కాదు, నలభై ఏళ్ల లోపు మనుషులు ఆ వీధిలో రాత్రి పడుకుంటున్నారా లేదా అన్నది చూడమని నేను అందరికీ చెప్తున్నాను. బడి పిల్లలున్న ఇల్లు వీధికి రెండు ఉన్నా చాలు, ఆ వీధి నిలబడుతుంది.

సంక్రాంతికి మాత్రం ఇల్లు చూడ్డానికి వెళ్లకండి. ఆ నాలుగు రోజులూ తాళాలన్నీ తీసి ఉంటాయి, వీధి నిండా కార్లుంటాయి. ఏ ఊరైనా స్వర్గంలా కనిపిస్తుంది, రేట్లు కూడా అలాగే చెప్తారు.

రావులపాలెం

దారి విషయంలో దీనికి సాటి లేదు. పాత ఐదో నంబరు హైవే మీద ఉంది. గౌతమి వంతెన దాటితే జొన్నాడ, రాజమండ్రి గంట లోపే. వశిష్ఠ వంతెన దాటితే సిద్ధాంతం, తణుకు. కోనసీమలోకి వెళ్లే బస్సులు చాలావరకు ఇక్కడ ఆగి వెళ్తాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శుక్రవారం రాత్రి బస్సెక్కి వచ్చేవాళ్లకి ఇంతకన్నా అనువైన చోటు లేదు.

ఇక్కడి అరటి మార్కెట్ పొద్దున్నే చూడాల్సిందే. సైకిలుకి రెండు వైపులా గెలలు వేలాడదీసుకుని లంకల నుంచి వస్తారు. కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి, కూరకి బొంత, దేనికది వేరే కుప్ప. తమిళనాడు, ఒడిశా లారీలు వరసగా నిలబడి ఉంటాయి. దీని వల్ల ఊరికి ఒక మేలు జరిగింది. ఊళ్లో పని ఉంది కాబట్టి కుర్రాళ్లున్నారు. నేను నడిచిన వీధుల్లో తాళం పడ్డ ఇళ్లు అన్నిటికన్నా తక్కువ కనిపించింది ఇక్కడే.

నష్టాలు కూడా అక్కడి నుంచే వస్తాయి. హైవే పక్కన రద్దీ, హారన్లు, దుమ్ము. స్థలాల రేట్లు మిగతా నాలుగూళ్ల కన్నా ఎక్కువ చెప్పారు. ఇరుగుపొరుగుల్లో చాలామంది వ్యాపారం కోసం వచ్చి అద్దెకున్నవాళ్లు, ఏడాదికోసారి మారిపోతుంటారు. మా అమ్మకి నచ్చనిది అదే. బోరు నీళ్లు బాగుంటాయి. నది మాత్రం రెండు పక్కలా దగ్గరే. గట్టుకి దూరంగా, ఊరు మెరకలో ఉన్న వీధులే చూడండి.

అంబాజీపేట

కొబ్బరి మీద బతికే ఊరు. చివరికి అమ్మానాన్నలు అద్దెకి దిగింది ఇక్కడే. దింపు తీసిన కాయలు గుట్టలుగా పోసి, నేలలో పాతిన గునపం మీద కాయని మూడు పోట్లు పొడిచి ఒలిచేసే మనుషుల్ని ఇక్కడ చూడాలి. రేటు కాయకి చెప్పరు, వెయ్యికి చెప్తారు. కురిడీ (చిప్పలోనే ఎండిన) కొబ్బరిలో గండేరా, గటగటా అని రకాలు, వాటికి వేరే ధర. ఊళ్లో ఏ అరుగు మీద కూర్చున్నా సాయంత్రానికి ఆ రోజు కొబ్బరి ధర చెవిన పడుతుంది. నాన్నకి ఊరు నచ్చింది అక్కడే. ముప్పై చెట్ల యజమానికి మాట్లాడుకోడానికి మనుషులు దొరికారు. పొద్దున్నే పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు కూడా ఉంటాయనుకోండి. ఆకు విప్పగానే వచ్చే ఆ వాసన కోసమే ఆయన ఆరింటికల్లా చొక్కా వేసుకుని బయల్దేరతారు.

ఇక్కడ జనం పాతవాళ్లు. ఒకళ్లకొకళ్లు తెలుసు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి చుట్టుపక్కల పదకొండు ఊళ్ల ప్రభలు, అంటే వెదురుతో కట్టి రంగుబట్టలతో అలంకరించి మోసుకొచ్చే ఎత్తైన దేవుడి వాహనాలు వస్తాయి. గంగలకుర్రు ప్రభని కౌశిక కాలువ నీళ్లలోంచి భుజాల మీద దాటిస్తారు. దానికి వందలమంది మగపిల్లలు కావాలి. బెంగుళూరు, హైదరాబాద్‌ల నుంచి సెలవు పెట్టుకుని వస్తారు గానీ మానరు. ఇలాంటి పని ఉన్న ఊళ్లో మనుషులు పూర్తిగా విడిపోరు. కొత్తగా వచ్చిన మా అమ్మానాన్నల్ని కూడా "ఏ ఊరండీ మీది, ఎవరి తాలూకా?" అని పదిమంది అడిగారు. నెల తిరిగేసరికి పాలు పోసే అమ్మాయి, పూలమ్మే ఆవిడ, రెండిళ్ల అవతలి మాస్టారు, అందరూ పేరు పెట్టి పిలుస్తున్నారు.

అమలాపురం సుమారు పది కిలోమీటర్లు. పెద్ద ఆసుపత్రులు, మెడికల్ కాలేజీ అక్కడున్నాయి. రాత్రి పూట కారుంటే ఇరవై నిమిషాలు. లోటు ఏమిటంటే రైలు లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా రైలు మార్గం పనులు ఇరవై ఏళ్లకు పైగా సాగుతున్నాయి. ఆ రైలు వస్తుందని ఎవరైనా స్థలం రేటు పెంచి చెప్తే ఆ మాటకి డబ్బు కట్టకండి. వచ్చిన నాడు చూసుకోవచ్చు. ఇంకో సంగతి, తోటల్లో కట్టిన ఇళ్లకి దోమలెక్కువ, డ్రెయినేజీ తక్కువ. వానాకాలంలో పుంతల్లో నీళ్లు నిలుస్తాయి. 1996 నవంబరు 6 తుఫాను కోనసీమ కొబ్బరిని ఎలా నేలకూల్చిందో చూసినవాళ్లు ఇంటి మీదికి వంగిన చెట్టుని ఉంచరు. మీరూ ఉంచకండి.

రాజోలు, మలికిపురం

రెండూ పక్కపక్కనే, కలిపే చెప్తున్నాను. ఒక పక్క వైనతేయ, ఇంకో పక్క వశిష్ఠ, కింద సముద్రం. ఈ వైపు కాలువ నీళ్లు గన్నవరం అక్విడెక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) మీదుగా వైనతేయ దాటి వస్తాయి. కాటన్ కాలం నుంచీ అంతే. శివారు కావడం వల్ల ఎండాకాలంలో తాగునీటి ఇబ్బంది మొదట తగిలేది ఇటే. సముద్రం వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన.

కువైట్, దుబాయ్, మస్కట్ డబ్బుతో లేచిన ఊళ్లివి. వెళ్లినవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. పిల్లల్ని అమ్మమ్మలకి అప్పజెప్పి, పదేళ్లు పదిహేనేళ్లు ఇంకొకరి ఇంట్లో పనిచేసి ఇక్కడ డాబా వేశారు. ఆ ఇళ్లకి తాళాలున్నాయని రాశాను కదా, అది వాళ్ల తప్పని కాదు. ఆ ఇంట్లో వాళ్లు ఉండగలిగే రోజు ఇంకా రాలేదు, అంతే. గల్ఫ్ నుంచి తిరిగొచ్చే కుటుంబానికి మాత్రం ఈ ఊళ్లే సరైనవి అనిపిస్తుంది నాకు. తన కష్టం అర్థమయ్యే మనుషులు ప్రతి వీధిలో ఉంటారు. చుట్టాలుంటారు. మలికిపురంలో డిగ్రీ కాలేజీ ఉంది, పిల్లల చదువు ఇంటర్ అవగానే ఆగిపోదు.

దారి ఇప్పుడు మెరుగైంది. బోడసకుర్రు వంతెన వల్ల అమలాపురం, చించినాడ వంతెన వల్ల పాలకొల్లు దగ్గరయ్యాయి. నరసాపురం వెళ్లాలంటే మాత్రం సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్ని, బళ్లని దాటించే పెద్ద పడవ) ఎక్కాలి, లేదా చుట్టూ తిరగాలి. వరద వస్తే పంటు ఆగిపోతుంది.

స్థలం కొనేముందు ఒకటి తప్పనిసరి. ఈ ప్రాంతం కింద గ్యాస్ ఉంది, పైప్‌లైన్లు ఉన్నాయి. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి మంటలు రెండు నెలలకు పైగా మండాయి. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. స్థలం దగ్గర్లో పైప్‌లైన్ గుర్తు రాళ్లు ఉన్నాయేమో నడిచి చూడండి. పక్క రైతుని కూడా అడగండి, అమ్మేవాళ్ల మాట మీదే ఉండకండి.

పాలకొల్లు

ఐదింట్లో మున్సిపాలిటీ ఇదొక్కటే. 2011 లెక్కల్లో జనాభా 60 వేలు దాటింది, అంటే చిన్న ఊరు అనడానికి కాస్త పెద్దదే. అయినా ఎందుకు చేర్చానంటే, పెద్దవాళ్లు ఒంటరిగా ఉండాల్సి వస్తే అన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఊరు ఇదే. క్షీరారామ లింగేశ్వరుడి గుడి గాలిగోపురం ఊళ్లో ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది. గుడి చుట్టూ ఉన్న వీధుల్లో మందుల షాపు, కూరగాయలు, బ్యాంకు, కళ్లజోళ్ల కొట్టు అన్నీ ఉన్నాయి. దిబ్బరొట్టె సంగతి నేను చెప్పక్కర్లేదు.

రైలు ఉంది. నరసాపురం నుంచి వచ్చే రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. అమ్మానాన్నలు అటూ ఇటూ తిరిగేవాళ్లయితే బస్సు సీట్లో రాత్రంతా కూర్చునే బాధ ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ప్రైవేటు ఆసుపత్రులు ఊళ్లోనే ఉన్నాయి, పెద్ద అవసరమైతే భీమవరం అరగంట పైన.

మరి మేమెందుకు వెళ్లలేదు? పాలకొల్లులో ఇంటి ముందు మట్టి తక్కువ. పాత వీధులు ఇరుకు, కొత్త ఇళ్లు ఊరి బయట చేలు మెరక చేసిన లేఅవుట్లలో. చుట్టూ చాలా చేలు రొయ్యల చెరువులయ్యాయి. ఆ చెరువుల పక్కన ఇల్లు తీసుకుంటే బోరు నీళ్లు ఉప్పబారడం, వాసన, రాత్రంతా నీళ్లు చిలికే యంత్రాల చప్పుడు అన్నీ భరించాలి. ఊరి లోపల పాత ఇల్లు దొరికితే మాత్రం వదులుకోకండి.

ద్రాక్షారామం

దీని గురించి తక్కువే చెప్తాను, నేను రెండుసార్లే వెళ్లాను. భీమేశ్వరుడి గుడి ఊరికి గుండెకాయ. గౌతమి గట్టుకి ఎడంగా ఉండడం వల్ల వరద టెన్షన్ తక్కువ. పక్కనే రామచంద్రపురం, కాకినాడ గంట లోపే. పెద్ద ప్రభుత్వాసుపత్రి కావాల్సినవాళ్లకి అది పెద్ద భరోసా. స్థలాల రేట్లు నాకు అందుబాటుగా కనిపించాయి. కాకినాడ, కోటిపల్లి రైలు మార్గం ఊరి మీదుగానే వెళ్తుంది గానీ, దాన్ని చూసి ఊరు ఎంచుకోకండి, బస్సునే నమ్ముకోండి. కార్తీకమాసంలో యాత్రికుల రద్దీ, మిగతా రోజుల్లో నెమ్మది. గుడి, ప్రశాంతత, తక్కువ ఖర్చు కావాల్సిన దంపతులకి బాగుంటుంది. కుర్రవాళ్లకి ఊళ్లో పని తక్కువ.

ఒక్కచోట చూస్తే

| | రావులపాలెం | అంబాజీపేట | రాజోలు, మలికిపురం | పాలకొల్లు | ద్రాక్షారామం |
|---|---|---|---|---|---|
| పాలన | పంచాయతీ | పంచాయతీ | పంచాయతీలు | మున్సిపాలిటీ | పంచాయతీ |
| వరద | నది రెండు పక్కలా, వీధిని బట్టి | నదికి ఎడం | రెండు పాయల మధ్య, జాగ్రత్త | ఊళ్లో తక్కువ | తక్కువ |
| బోరు నీళ్లు | మంచివి | చోటుని బట్టి | చాలాచోట్ల ఉప్పన | చెరువుల పక్కన ఉప్పన | చోటుని బట్టి |
| పెద్ద వైద్యం | రాజమండ్రి | అమలాపురం | అమలాపురం, పాలకొల్లు | ఊళ్లోనే, తర్వాత భీమవరం | కాకినాడ |
| ప్రయాణం | హైవే, బస్సులు | బస్సు | బస్సు, రేవు | రైలు, బస్సు | బస్సు |
| జనం | కుర్రవాళ్లు, అద్దెకున్నవాళ్లు | పాత కుటుంబాలు | గల్ఫ్ కుటుంబాలు, పెద్దవాళ్లు | అన్ని రకాలూ | గుడి చుట్టూ పాతవాళ్లు |

ఎవరికి ఏది

డెబ్బై దాటి, పిల్లలు దూరంగా ఉన్న దంపతులకి నేను మొదట పాలకొల్లు చెప్తాను, ఊరి లోపల ఇల్లు దొరికితేనే. దొరక్కపోతే అంబాజీపేట. సౌకర్యం పాలకొల్లులో ఎక్కువ, పలకరింపు అంబాజీపేటలో ఎక్కువ. ఇద్దరూ ఆరోగ్యంగా తిరుగుతుంటే పలకరింపే ముఖ్యం. ఒకరికి గుండె జబ్బో, డయాలసిస్సో ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఆసుపత్రి దగ్గర ఉన్న చోటికే వెళ్లండి. ఒంటరిగా మిగిలిన ఆడవాళ్లకైతే ఊరి పేరు కన్నా వీధి ముఖ్యం. చుట్టం ఉన్న వీధి చిన్న ఊళ్లో ఉన్నా అదే మంచిది.

ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే నలభై లోపువాళ్లకి, బడికెళ్లే పిల్లలున్నవాళ్లకి రావులపాలెం. నెలకోసారి ఆఫీసుకి వెళ్లాల్సి వస్తే ఆ హైవే విలువ తెలుస్తుంది. మా తమ్ముడు ఇప్పటికీ అమ్మానాన్నల్ని అక్కడే పెట్టాల్సిందంటాడు. వాడి లెక్క వాడిది. వాడు నెలకి మూడుసార్లు వస్తాడు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చేవాళ్లు సొంత ఊరి చుట్టుపక్కలే ఉండండి. అయితే చేతిలో ఉన్నదంతా డాబాకే పెట్టకండి. ఆ ప్రాంతంలో ఇల్లు తిరిగి అమ్మాలంటే కొనేవాళ్లు కూడా బయటి దేశంలోనే ఉంటారు, సెలవుకి వచ్చేదాకా బేరం తెగదు.

ఐదెకరాల కొబ్బరితోటో, చేనో ఉండి దాన్ని చూసుకోవాలనుకునేవాళ్లకి ఈ పోలిక ఎందుకూ పనికిరాదు. తోటకి సైకిల్ మీద వెళ్లి రాగలిగిన ఊరే వాళ్ల ఊరు. దింపు రోజున యజమాని తోటలో లేకపోతే ఏమవుతుందో వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

కొనేముందు అద్దెకుండండి

మేము అదే చేశాం. అంబాజీపేటలో ముందు పదకొండు నెలలకి అద్దెకి తీసుకున్నాం. మే నెల నీళ్లు, ఆగస్టు వరద, నవంబరు తుఫాను, మూడూ అదే ఇంట్లో చూశాక గానీ స్థలం మాట ఎత్తలేదు. రెండో హెచ్చరిక ఇచ్చిన ఒక రాత్రి నిద్రపట్టక నాన్నకి ఫోన్ చేస్తే, లంకలో మా పాత పక్కింటివాళ్లని అప్పటికే తమ ఇంటికి తెచ్చుకుని, వాళ్ల గేదెలకి గడ్డి ఎక్కడ దొరుకుతుందా అని కనుక్కుంటున్నారు.

అద్దె ఇల్లు మాట్లాడుకునేటప్పుడు ఓనరుని రెండు విషయాలు అడగండి: మే నెలలో కుళాయి ఎన్ని రోజులకోసారి వస్తుంది, అటూ ఇటూ ఇళ్లలో రాత్రి ఎవరు పడుకుంటారు. మొదటిదానికి ఓనరు చెప్పిన జవాబు చాలు. రెండోదానికి మాత్రం రాత్రి ఎనిమిదింటికి మీరే వెళ్లి ఆ రెండు తలుపులూ తట్టి, కాసేపు కూర్చుని రండి.